ఎండమాత్రలు

రంగులద్దే ఇంటి మేడమీద, తడిగుడ్డలు ఆరబెట్టే గదిలో, తోడికోడళ్ళిద్దరూ ఒకే తానుకి చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. పెద్దామెకు మామూలుగానే నోరెక్కువ, చిన్నామెకు ఆ పూట ఓపిక తక్కువ.

"జేబులో దొరికితే దొంగనైపోతానా?"

"దొంగ అన్నానా అక్కా? పనిలో చీర మీద తొడుక్కునే నీ జుబ్బా నానబెడుతూ జేబులు తడిమాను, ఖాళీ అట్ట దొరికింది అన్నాను. అంతే."

"అంతే అంటూనే మూరెడు మొహం పెట్టావు. ఆ కొస సరిగ్గా పట్టుకో. మధ్యలో మడత పడితే అక్కడ చారలు దిగుతాయి, కింద అత్తయ్య నా వీపు మీద చారలు దింపుతుంది."

"పట్టుకునే ఉన్నాను. ఆ అట్ట నాదే కదా?"

"ఏ అట్ట?"

"వెండికాగితం అట్ట. నా పెట్టెలో, శాలువా మడతలో దాచుకున్నది. నాలుగు గుంటలు. నాలుగూ ఖాళీ."

"లోకంలో వెండికాగితం నీ ఒక్కదానికే అమ్ముతున్నారా? తలనొప్పి మాత్రలకీ అదే కాగితం."

"తలనొప్పి మాత్ర వెనకాల విటమిన్ డి అని రాసి ఉండదు."

"చదువుకున్నదానివి కదా, చదివేశావు. లాగు. ఇంకాస్త లాగు. ఎవరు పిండారో గాని ఇంకా నీళ్ళు కారుతున్నాయి."

"నువ్వే పిండావు."

"నేనే అయ్యుంటాను. ఈ ఇంట్లో ఏది చెడినా నేనేగా."

"మాట మార్చకు అక్కా. ఆ మాత్రల సంగతి ఆయనకి కాక నీకొక్కదానికే చెప్పాను. అత్తయ్యకి తెలిస్తే నలుగురిలో పెట్టి నవ్వుతుందని, దాచి మరీ నీకు చెప్పాను."

"నేనూ నవ్వాను. నవ్వక ఏం చెయ్యమంటావు? కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టి ఎండని గడప తొక్కనివ్వం. ఎందుకు? గుడ్డ వెలిసిపోతుందని. అదే ఎండని ఎవడో గుళికల్లో పోసి అమ్ముతుంటే, నువ్వు పోయి వరసలో నిలబడి కొనుక్కొస్తావు. తలుపు తీస్తే ఊరికే వచ్చేదాన్ని."

"అయితే తలుపు తియ్యనివ్వండి. డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది అదే. ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయిందమ్మా అంది. చీకటుండగానే పనిలోకి దిగుతాం, మళ్ళీ తలుపులు తీసేసరికి ఎండ ఉండదు అన్నాను. రక్తం తీయించి చూసింది. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదంది."

"లేదంటుంది. ఉందంటే దానికి పూట ఎలా గడుస్తుంది? ఆ డాక్టరమ్మ దగ్గరికి దిట్టంగా ఉన్నదాన్ని పంపినా ఏదో ఒకటి తక్కువైందంటుంది. నాకు తక్కువైందేమిటో తెలుసా, నిద్ర. దానికి చీటీ రాయమను, మింగుతాను."

"మింగవులే. పారేస్తావు."

"ఏమిటీ?"

"పారేశావు కదా? నీకు మాత్రలతో ఇంకేం పని? నువ్వు పారేసైనా ఉండాలి, లేదా అత్తయ్య చేతిలోనైనా పెట్టి ఉండాలి. ఆమె చేతిలో పడి ఉంటే ఈపాటికి వీధి చివరిదాకా తెలిసేది. కాబట్టి పారేశావు."

"అవునే. పారేశాను. తొట్టి కడిగిన నీళ్ళు పోతాయే, ఆ మురుక్కాలవలో. చాలా?"

"ఒక్కొక్కటీ వొలిచి మరీ?"

"ఊఁ?"

"పారేసేవాళ్ళు అట్టతో పాటు పారేస్తారు. నువ్వు నాలుగూ వొలిచి, అట్ట మాత్రం జేబులో పెట్టుకున్నావు. ఎందుకు?"

"కసి. కసి తీరేదాకా వొలిచాను. ఒక్కొక్కటీ నీళ్ళలో పడుతుంటే ముచ్చటేసింది. ఇంకా ఏమైనా అడుగుతావా, లేక ఈ తాను తాడు మీదికి ఎక్కిస్తావా?"

"ఏమర్రా పైన. గుడ్డలు ఆరేస్తున్నారా, కబుర్లు ఆరేస్తున్నారా?"

"వచ్చేస్తున్నాం అత్తయ్యా. ఇంకో రెండు తానులే."

"నీలం తాను కొసలు సమంగా వచ్చాయా పెద్దకోడలా?"

"అద్దంలా వచ్చాయి అత్తయ్యా. ... చూశావా, గొంతు పెంచకు. ఆమె చెవులు ఈ మేడ మెట్ల మీదే కాపలా ఉంటాయి."

"నేనేం గొంతు పెంచలేదు. కసి ఎందుకు అక్కా? నేను నీకేం చేశాను?"

"ఏం చెయ్యలేదు. అదే నీ తప్పు. ఏమీ చెయ్యకుండానే ఇంత హడావిడి. ఆలు లేదు చూలు లేదు, అప్పుడే బిడ్డ ఎముకలకని మాత్రలు. ఏమే, ఆ కొస ఎందుకు దించేశావు? నేల తాకుతోంది."

"తాకనీ."

"తాకితే మళ్ళీ ఉతకాలి."

"ఉతుకుతాను. ఈ ఆరేళ్ళలో నేను చేసింది అదేగా. నీ పిల్లల బట్టలు ఉతికాను, జడలు వేశాను, చిన్నాడికి జ్వరమొస్తే మూడు రాత్రులు వాడి మంచం పక్కన కూర్చున్నాను. అప్పుడు లేని కసి ఇప్పుడెక్కడిది నీకు? నేను చెప్పనా?"

"చెప్పు. వింటాను. చేతులెలాగూ ఖాళీ లేవు, చెవులు ఖాళీగానే ఉన్నాయి."

"ఈ ఇంట్లో పిల్లల తల్లి అనే పీట ఒక్కటే ఉంది. అది నీ ఒక్కదానిదే కావాలి. నేనెప్పుడూ నీ పిల్లలకి పిన్నిగా, నీకు పనిమనిషిగా ఉండిపోవాలి. నాకూ ఒకటి పుడితే నీ పీట మీద చోటు ఇవ్వాల్సొస్తుంది. అందుకే పారేశావు."

"అలాగే అనుకో."

"కాదు అనవా?"

"ఎందుకు అనాలి? నువ్వే తీర్పు చెప్పేశావుగా. పెద్దదాన్ని, చెడ్డదాన్ని, పీట ఇరుకుదాన్ని. సరేనా? ఇప్పుడు కొస పైకెత్తు."

"నీకు సిగ్గుగా లేదా అక్కా?"

"సిగ్గా? సిగ్గు సంగతి నీకేం తెలుసే. పెద్దది కాలేజీకి పోతోంది. నాకు చెవుల పక్కన తెల్లవెంట్రుకలు. ఈ వయసులో ఎవరికి ఎంత సిగ్గుంటుందో నీకేం తెలుసు."

"తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నీ జవాబు. నేను మాత్రల గురించి అడిగితే నువ్వు తెల్లవెంట్రుకల గురించి చెప్తావు."

"మాత్రల గురించే అడుగు. చెప్తాను. అసలు ఆ డాక్టరమ్మ ఏమంది? అవి మింగితే కడుపు పండుతుందందా? నీ చెవిలో పువ్వు పెట్టిందా?"

"పెట్టలేదు. నేనే ఆశపడి అడిగాను, వీటితో నిలుస్తుందా అని. నిలుస్తుందని నేను చెప్పను, అలా చెప్పేవాళ్ళని నమ్మకు అంది."

"చూశావా. ఆవిడే చెప్పింది. మరి ఎందుకట?"

"కడుపులో బిడ్డ పడిందంటే, ఎముకలకీ పళ్ళకీ కావాల్సింది తల్లి ఒంట్లోంచే తీసుకుంటుందట. తల్లి దగ్గరే లేకపోతే ఎక్కణ్ణుంచి తీసుకుంటుంది? అందుకని ముందే నింపుకోమంది. వీటితో పాటు రాసిన ఫోలిక్ మాత్ర కూడా అందుకే, ముందునుంచే."

"అమ్మో, ఎంత ముందుచూపు. మేమేం చూపు లేకుండానే కన్నాం. నాకు ఇద్దరు. ఒక్క గుళిక మింగలేదు. ఇద్దరికీ ఎముకలున్నాయా లేవా? చిన్నాడు మొన్న మెట్ల మీంచి దొర్లితే మెట్టు పెచ్చు ఊడింది గాని వాడికేం కాలేదు."

"మింగకపోతే పుట్టరని ఎవరన్నారు? నువ్వు కన్నప్పుడు ఈ గదిలో లేవు. పుట్టింట్లో పెరట్లో ఎండలో తిరిగావు. నువ్వే చెప్పావు నాకు."

"చెప్పానా?"

"చెప్పావు. ఈ నల్లగుడ్డల గదిలోకి వచ్చింది చిన్నాడు పుట్టిన తర్వాతే అన్నావు."

"ఊఁ. అవును. ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళవుతోంది. అంటే ఇప్పుడు నా రక్తం తీసి చూసినా లేదనే అంటుందంటావా, మీ డాక్టరమ్మ?"

"అంటుందేమో. నీకెందుకు ఇప్పుడు?"

"నాకెందుకు. నాకేం అక్కర్లేదు. మాట వరసకి అన్నాను. ఇంకో తాను తియ్యి. కాదు, ఆ పచ్చది."

"ఇదిగో."

"అయితే ముందు నుంచి మింగనివాళ్ళ గతేమిటట? కడుపుతో ఉన్నాక, మధ్యలో, ఎప్పుడో గుర్తొచ్చి మొదలుపెడితే? ఆలస్యమైందని తిట్టి పంపుతుందా మీ మహాతల్లి?"

"ఎవరి గురించి అడుగుతున్నావు?"

"ఎవరి గురించీ కాదు. ఆవిడ వ్యాపారం ఎలా సాగుతుందో తెలుసుకుందామని."

"తిట్టదు. ఎప్పుడొచ్చినా మంచిదే, రావడమే ముఖ్యం అంటుంది. ఆమె దగ్గర బయట బల్ల మీద కూర్చుని విన్నాను. అయిదో నెలలో వచ్చినావిడతో కూడా అదే మాట అంది."

"అయిదో నెలలోనా. సిగ్గులేని మనిషి. అంతదాకా ఏం చేసిందట?"

"భయపడిందట. వయసు మళ్ళాక వచ్చిందని, నలుగురూ ఏమంటారోనని, చున్నీ కప్పుకుని తిరిగిందట."

"నలుగురూ అనరా మరి? నేనైతే అందరికంటే ముందు అంటాను. కూతురికి జడ వేసే వయసులో తనకి పొట్టేమిటని."

"అంటావు. నీ నోటికి అదో లెక్కా? ఆవిడ ఏడుస్తూ కూర్చుంది అక్కా. నాకు ఆమెని చూస్తే ఏమనిపించిందో తెలుసా?"

"ఏమనిపించింది?"

"ఒళ్ళు మండిపోయింది. నేను ఆరేళ్ళుగా ఎక్కని గడప లేదు. ఆవిడ వద్దు వద్దంటే వచ్చిందట. వచ్చింది చాలక ఏడుపు. లేచి చెంప మీద కొట్టాలనిపించింది. తప్పే. తప్పని తెలుసు. కానీ అనిపించింది. ఏమిటి అలా చూస్తున్నావు?"

"ఏం లేదు. కొడతావన్నమాట."

"ఆవిణ్ణి."

"ఆవిణ్ణే. నువ్వు కొట్టడం న్యాయమే."

"నా సంగతి వదిలెయ్. నేను ఇంకో అట్ట కొనుక్కొచ్చుకుంటాను. ఈసారి ఎక్కడ దాచానో నీకు చెప్పను. ఆయనకి మాత్రం చెప్తాను, మీ వదిన నా మాత్రలు మురుక్కాలవకి తాగించిందని."

"మా మరిదికి చెప్తావా?"

"చెప్తాను. నెలకి సరిపడా మందు ఒక్కసారిగా కాలవ పాలు చేసిందని చెప్తాను."

"నెలకేమిటి? నాలుగే కదా ఉన్నాయి."

"నాలుగు వారాలకి నాలుగు. అక్కా, కొస వదిలేశావు. పచ్చ తాను మొత్తం నేల మీద పడింది."

"చెయ్యి జారింది. వారానికి ఒకటా?"

"వారానికి ఒకటి."

"రోజుకొకటి కాదా?"

"రోజుకొకటి వేసుకునేవి వేరే. చిన్న మోతాదువి. ఇవి బాగా తక్కువైనవాళ్ళకి రాసే పెద్దవి. వారానికి ఒక్కటే, ఆదివారం. అది కూడా నా రక్తం చూసి నాకు రాసినవి, ఇంకెవరూ ముట్టుకోకూడదంది."

"నాకు ఆ ముక్క చెప్పలేదే నువ్వు."

"నువ్వు చెప్పనిచ్చావా? ఎండమాత్రలు ఎండమాత్రలు అని నవ్వడం మొదలుపెట్టావు, నేను నోరు మూసుకున్నాను. అయినా కాలవలో పోసేదానికి వారమైతేనేం, రోజైతేనేం?"

"అదీ నిజమే. ... మరి ఎవరైనా వరసగా నాలుగు రోజులు, రోజుకొకటి మింగేస్తే? రంగు పట్టలేదనుకో, మనం ఇంకో ముంచు ముంచుతాం కదా. ముంచేకొద్దీ పడుతుంది. అలాగే, ఇన్నాళ్ళూ మింగలేదు కాబట్టి గబగబా నాలుగు మింగితే వెనకటి బాకీ కూడా తీరుతుంది కదా?"

"ఒళ్ళు గుడ్డా అక్కా, ముంచేకొద్దీ పట్టడానికి? ఎక్కువైతే బయటికి పోదట అది, ఒంట్లోనే ఉండిపోతుందట. రక్తంలో సున్నం, అదే కాల్షియం, పెరుగుతుంది, మూత్రపిండాలకి దెబ్బ అంది. అందుకే పొరపాటున ఎక్కువ వేసుకుంటే ఇంట్లో కూర్చుని ఆలోచించకుండా ఆ రోజే వచ్చి చెప్పమంది."

"వాంతులొస్తాయా?"

"రావచ్చంది. దాహం, నీరసం."

"వాంతులు వేరేవాటికి కూడా వస్తాయి కదా. అందుకే వచ్చాయో, ఇందుకే వచ్చాయో ఎలా తెలుస్తుంది?"

"ఇందుకే అంటే ఏమిటి? నీకు మొన్నటి నుంచి వస్తున్నవి ఈ నీలిమందు వాసనకే అన్నావుగా."

"అన్నాను."

"పన్నెండేళ్ళుగా లేని వాసన మొన్ననే వచ్చిందా?"

"నన్ను అడ్డప్రశ్నలు వెయ్యకు. అడిగినదానికి చెప్పు. లోపల ... లోపలున్నదానికి ఏమవుతుందట?"

"లోపల ఏముంది?"

"ఏమర్రా, ఇందాక ఏదో పడిన చప్పుడైంది. తానేనా?"

"కాదు అత్తయ్యా. కొంగు జారింది."

"కొంగు జారితే ఇంత చప్పుడా? నేను పైకి రానా?"

"రావద్దు అత్తయ్యా. మెట్లు తడిగా ఉన్నాయి. మేమే వస్తున్నాం. ... అక్కా, కూర్చో. ముందు ఆ పీట మీద కూర్చో. మొహం తెల్లగుడ్డలా అయిపోయింది. ఆ మాత్రలు కాలవలో పోశావా, లేదా?"

"పోశానని చెప్పాను కదే. అది నమ్మావు కదా. దానికే తిట్టావు కదా. అక్కడితో ఆగిపోరాదూ."

"ఎవరికిచ్చావు? పెద్దదానికా? పిల్లకి నీరసంగా ఉందని ఇచ్చావా?"

"దానికెందుకిస్తాను."

"బావగారికా?"

"ఆయనకేం రోగం."

"మరి ఎవరు మింగారు అక్కా? ఇది నవ్వులాట కాదు. నా మీద కసి ఉంటే ఉండనీ, పీట నీదే ఉంచుకో, ఎవరు మింగారో మాత్రం చెప్పు. డాక్టరమ్మ దగ్గరికి ఇప్పుడే తీసుకెళ్ళాలి. ఆయనని బండి తియ్యమంటాను."

"తియ్యమను. కానీ అతను రావద్దు. నువ్వే తీసుకెళ్ళు."

"ఎవరిని తీసుకెళ్ళాలి?"

"నువ్వు చెంప మీద కొడతానన్నావే, అలాంటిదాన్నే. నాకు మూడో నెల. ఆరేళ్ళుగా నువ్వు అడుగుతున్నది అడక్కుండా నాకొచ్చి కూర్చుందని ఏ మొహంతో చెప్పనే నీకు, దానికంటే దొంగనని నువ్వనుకుంటేనే నయమనిపించింది."